మేనేజ్‌మెంట్ ఆలోచనల చరిత్రను నెట్ పరీక్షకు నేను చదివిన పద్ధతి

కళాశాల అధ్యాపక అర్హత కోసం రాసే యూజీసీ నెట్ మేనేజ్‌మెంట్ పేపర్‌కు తిరుపతిలో సిద్ధమవుతున్న మిత్రులు మొదటి యూనిట్‌లోని నిర్వహణ సిద్ధాంతాల చరిత్రను పేర్లు, సంవత్సరాలు బట్టీపట్టి ముగించేయడం నేను చాలాసార్లు చూశాను. రెండో పేపర్‌లో 100 ప్రశ్నలకు 200 మార్కులు ఉంటాయి. కాలక్రమంలో అమర్చమనేవి, జతపరచమనేవి, అసర్షన్–రీజన్ రూపంలో (ఒక వాక్యం, దానికి చెప్పిన కారణం సరైనవో కాదో తేల్చమని) వచ్చేవి ఈ భాగం నుంచి తేలికగా తయారవుతాయి. బట్టీతో మొదటి రెండు రకాలను దాటవచ్చునేమో గాని మూడో రకం దగ్గర ఆగిపోతాం. అందువల్ల ప్రతి సిద్ధాంతాన్నీ అంతకు ముందువారు తేల్చకుండా వదిలిన సమస్యకు సమాధానంగా చదవాలన్నది నా గట్టి అభిప్రాయం. మెకానికల్ ఇంజనీరింగ్ తర్వాత శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదివిన నాకు ఈ పద్ధతి సులువుగానే అబ్బింది, ఎందుకంటే ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో చాలామంది ఇంజనీర్లే.

ఆడం స్మిత్ 1776లో గుండుసూదుల కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకొని, పనిని విభజించుకున్న పదిమంది రోజుకు 48,000 సూదులు చేయగలరని చూపాడు. పనిని విభజిస్తే ఒక్కో భాగానికి అవసరమైన నైపుణ్యం మేరకే కూలి చెల్లించవచ్చునని చార్లెస్ బాబేజ్ 1832లో దానికి జోడించాడు. ఈ ఇద్దరి తేడా గుర్తుంటే చాలు. అసలు మలుపు 1886లో వచ్చింది. తాళాల తయారీ సంస్థను నడిపే హెన్రీ టౌన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ షికాగో సమావేశంలో చదివిన పత్రంలో, కర్మాగార నిర్వహణ కూడా ఇంజనీరింగ్ అంత ముఖ్యమైన విషయమని, ఆ అనుభవాలను నమోదు చేసి పంచుకొనే బాధ్యతను ఇంజనీర్లే స్వీకరించాలని కోరాడు. చాలా గైడ్లు ఈ పేరును ఒక్క పంక్తితో దాటేస్తాయి. నా దృష్టిలో ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ చరిత్రకు తొలి పుట ఇదే.

అదే సంఘం ముందు 1895లో పీస్ రేటుపై, అంటే చేసిన పని పరిమాణాన్ని బట్టి ఇచ్చే కూలిపై, పత్రం చదివిన ఫ్రెడరిక్ టేలర్‌ను వేధించిన సమస్య, కార్మికులు కావాలనే నెమ్మదిగా పనిచేయడం. ఎక్కువ చేస్తే యాజమాన్యం రేటు కోస్తుందన్న భయం అందుకు ఒక కారణమని, ఒక రోజు పని ఎంతో ఎవరూ కొలిచి తేల్చకపోవడం మరో కారణమని ఆయన గ్రహించాడు. కొలవడానికి టైమ్ స్టడీ (పనిలోని ఒక్కో భాగానికి పట్టే సమయాన్ని గడియారంతో కొలవడం), కొలిచినదానికి తగిన కూలికి డిఫరెన్షియల్ పీస్ రేటు (నిర్ణీత పని అందుకున్నవారికి ఎక్కువ రేటు, అందుకోనివారికి తక్కువ రేటు) ఆ విధంగా పుట్టాయి. అమెరికాలోని బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో మనిషి రోజుకు మోసే పిగ్ ఐరన్ (ముడి ఇనుప దిమ్మెలు) పన్నెండున్నర టన్నుల నుంచి 47 టన్నులకు పెరిగిందని ఆయన 1911 నాటి పుస్తకం చెబుతుంది. ఆ కథనంలోని వివరాలను తర్వాతి చరిత్రకారులు ప్రశ్నించారు కనుక దాన్ని టేలర్ చెప్పిన లెక్కగానే గుర్తుపెట్టుకోండి.

తాపీ పనితో జీవితం మొదలుపెట్టిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ను చదివేటప్పుడు పుస్తకం పక్కనపెట్టి ఒకసారి బయటకు వెళ్లండి. తిరుపతిలో ఏ కొత్త కాలనీలోనైనా ఏదో ఒక గోడ లేస్తూనే ఉంటుంది. మేస్త్రీ ఇటుక కోసం ఎన్నిసార్లు వంగుతున్నాడో, మాలు ఎంత దూరం నుంచి అందుకుంటున్నాడో గమనించండి. గోడతోపాటు ఎత్తు పెంచుకోగల పరంజా మీద ఇటుకలను, మాలును చేతికందేలా పెట్టించి, ఇటుకకు 18 కదలికలను గిల్‌బ్రెత్ ఐదుకు తగ్గించాడు. గంటకు 120 ఇటుకలు పేర్చే మనిషి 350 పేర్చగలిగాడు. టేలర్ చూసింది సమయాన్ని, గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియన్ చూసింది కదలికను, అలసటను.

ఇక హాథార్న్ ప్రయోగాలు, అంటే అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ హాథార్న్ కర్మాగారంలో జరిగినవి. 1924లో వెలుతురుకూ ఉత్పత్తికీ సంబంధం వెతకడంతో అవి మొదలయ్యాయని అందరికీ తెలుసు, కాని 1931–32లో బ్యాంక్ వైరింగ్ గదిలో (టెలిఫోన్ స్విచ్ పరికరాలకు తీగలు కలిపే చోట) 14 మంది మగ కార్మికులపై జరిగిన పరిశీలనే నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. అక్కడ ప్రోత్సాహక వేతనం ఉంది, అయినా కార్మికులు తమలో తామే ఒక రోజు పని ఇంత అని నిర్ణయించుకొని, దానిని మించినవారిని ఒత్తిడి చేసి దారికి తెచ్చుకున్నారు. టేలర్ చూసిన నెమ్మదితనమే ఇక్కడా ఉంది; ఆయన కొలతతో, డబ్బుతో తీరుతుందనుకున్నది జట్టు కట్టుబాటుగా నిలబడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే, టేలర్ శాస్త్రీయ నిర్వహణ తర్వాత, జట్టు సంబంధాలే పనిని నడిపిస్తాయనే మానవ సంబంధాల వాదం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను ఏ రూపంలో అడిగినా తడబడరు.

గనుల ఇంజనీరు అయిన హెన్రీ ఫయోల్ కార్ఖానా నేల మీద నుంచి కాక సంస్థ పైస్థాయి నుంచి చూశాడు. ఒక ఉద్యోగికి ఒకే అధికారి అన్న ఆయన యూనిటీ ఆఫ్ కమాండ్, ఒకే కార్మికుడికి వేర్వేరు విషయాల్లో ఎనిమిదిమంది ఫోర్‌మెన్ (పర్యవేక్షకులు) ఉండే టేలర్ ఏర్పాటుకు నేరుగా ఎదురు నిలుస్తుంది. దీన్ని యూనిటీ ఆఫ్ డైరెక్షన్‌తో కలపకండి, అది ఒకే లక్ష్యమున్న పనులకు ఒకే అధిపతి, ఒకే ప్రణాళిక ఉండాలనే సూత్రం. ఆయన ఫ్రెంచి రచన 1916లో వెలువడినా ఆంగ్ల పాఠకులలో విస్తృతంగా వ్యాపించింది 1949 అనువాదంతో. కాలక్రమం ప్రశ్నల్లో మూల సంవత్సరాన్నే పట్టుకోండి.

హెన్రీ గాంట్ చార్ట్ ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో చూపుతుంది గాని, ఒక పని ఆలస్యమైతే మరేది ఆగిపోతుందో స్పష్టంగా చూపదు. పెద్ద ప్రాజెక్టుల్లో ఆ లోటు తీర్చడానికే పనులు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడతాయో గీసి చూపే నెట్‌వర్క్ పద్ధతులు వచ్చాయి: 1957 ప్రాంతంలో డ్యూపాంట్ రసాయన సంస్థలో సీపీఎం (క్రిటికల్ పాత్ మెథడ్), 1958లో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి పనిలో పెర్ట్ (ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ అండ్ రివ్యూ టెక్నిక్). ఇంజనీరింగ్ సర్వీసెస్ ప్రిలిమ్స్ మొదటి పేపర్‌లోనూ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఉంది కనుక, రెండు పరీక్షలూ రాసేవారు ఈ భాగాన్ని నెట్‌వర్క్ లెక్కలతో కలిపి ఒకేసారి చదువుకోవచ్చు.