మెట్ల మూలన యేసయ్య

"మంటి ఘటములలో ఈ ఐశ్వర్యము మాకు కలదు." బైబిల్లో పౌలు రాసిన మాట, 2 కొరింథీ 4:7. ఈ వాక్యం నేను ఎక్కువగా విన్నది భూస్థాపన కూడికల్లోనే. మనిషి మట్టి, ఎప్పుడో ఒకప్పుడు పగిలిపోతాడు అని చెప్పి పాట ఎత్తుకుంటారు. ఐశ్వర్యం సంగతి ఎత్తేవాళ్లు తక్కువ.

మా అబ్బాయి దగ్గరికి పోర్చుగల్ వెళ్లినప్పుడు పోర్తో ఊళ్లో అల్మాస్ చాపెల్ చూశాను. బజారు మధ్యలో చిన్న గుడి. బయటి గోడలన్నీ నీలం, తెలుపు పెంకులే, మొత్తం 15,947 అట. సెయింట్ ఫ్రాన్సిస్ కన్నుమూయడం, సెయింట్ కేథరిన్ హతసాక్షి కావడం అన్నీ వాటి మీదే. 1929లో ఎదువార్దు లైత్ వేసిన బొమ్మలు. మేం లూథరన్లం, పటాలకు మొక్కే అలవాటు లేదు. అయినా చెయ్యి దానంతటదే చెప్పుల దాకా పోయింది.

అక్కడ ఈ పెంకుల్ని అజులేజులంటారు. వాటి పాత పద్ధతి వింటే ఆశ్చర్యమేస్తుంది. కాల్చిన మట్టిపెంకుకి తగరం కలిపిన తెల్లపూత వేస్తారు, కింది మట్టిరంగు కనబడకుండా. పూత ఆరాక దానిమీద గీస్తారు. కుంచె ఆనగానే పూత రంగుని పీల్చేస్తుంది, తుడిచి దిద్దుకోవడానికి ఉండదు. పైగా చేతిలో ఉన్న కోబాల్ట్ రంగు అప్పటికి నీలమే కాదు, మసిలా ఉంటుంది. మళ్లీ దాదాపు 1,000 డిగ్రీల వేడిలో కాలితేనే నీలం తేలుతుంది. పూత కరిగి గాజవుతుంది, రంగు అందులో కలిసిపోతుంది. ఇక వానకి పోదు, చేత్తో రుద్దినా పోదు.

మంటి ఘటముల"లో" అన్నాడు పౌలు. "మీద" అనలేదు. ఈ ఒక్క అక్షరం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. మీద అంటించుకున్న భక్తి స్టిక్కర్ లాంటిది, అంచు లేస్తే ఊడొస్తుంది. అమ్మ మంచం పట్టిన ఏడాది నాకు కనిపించిందంతా మసే. ప్రార్థన కూడా సరిగ్గా చేయలేదు. అమ్మ మాత్రం ఆ మంచం మీదే, గొంతు రాకపోయినా, రోజూ ఇరవై మూడో కీర్తన చెప్పుకునేది. అది ఆమె లోపలికి ఎప్పుడు ఇంకిందో నాకు తెలీదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అపార్ట్‌మెంట్ మెట్ల మూలన ఎవరూ పాన్ ఉమ్మకూడదని దేవుళ్ల టైల్స్ అంటించారు. వెంకన్న, మక్కా, ముళ్లకిరీటంతో యేసయ్య. మనకోసం ఉమ్మి వేయించుకున్నవాణ్ణి తీసుకెళ్లి మళ్లీ ఉమ్మికే కాపలా పెట్టడం ఏం భక్తి? మీటింగులో అడిగితే "మంచిదేగా అంకుల్, గోడ శుభ్రంగా ఉంటుంది" అన్నారు. విశ్వాసులారా, మీ బిల్డింగ్‌లో ఉంటే తీయించండి. మీరే పూనుకోండి, పాస్టర్ గారు వచ్చి తీయరు.

మొన్న శనివారం పక్కింటాయనా నేనూ కలిసి ఉలితో మూడూ ఊడదీశాం. యేసయ్య టైల్ ఒక మూల విరిగింది. విరిగినచోట ఎర్రమట్టి. మెట్ల మూలన ఇప్పుడు ఇసుక బకెట్ పెట్టాం.