ఆలు లేదు చూలు లేదు, కారు పేరు ఆర్‌ఎక్స్-9

ఆర్‌ఎక్స్-8కి వారసుడంటూ చెప్పుకునే ఆర్‌ఎక్స్-9 అనే రోటరీ స్పోర్ట్స్ కారును జపాన్ కంపెనీ మాజ్డా ఏనాడూ ప్రకటించలేదు. రోటరీ అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజిన్. అయినా దాని హార్స్‌పవర్ ఎంతో, ధర ఎంతో, సీటు కుట్లు ఏ రంగో చెప్పేవాళ్లకు కొదవ లేదు. మాజ్డా మొదటి రోటరీ కారు కాస్మో స్పోర్ట్ వచ్చి యాభై ఏళ్లవుతోంది కాబట్టి 2017లో దింపుతారన్నారు. ఆ ఏడు టోక్యో షోలో విజన్ కూపే, కాయ్ అనే రెండు కాన్సెప్టులు (అమ్మకానికి కాని నమూనా కార్లు) చూపించారు, అంతే. 2020లో కంపెనీకి నూరేళ్లు, ఇక ఖాయం అన్నారు. ఆ ఏడాది ఆర్‌ఎక్స్-విజన్ జీటీ3 నిజంగానే వచ్చింది, కాకపోతే వీడియో గేమ్‌లో.

మనలో చాలామందికి మాజ్డా అనగానే స్వరాజ్ మాజ్డా స్కూల్ బస్సే గుర్తొస్తుంది. రోటరీ కార్లు ఇక్కడి షోరూముల్లో ఎప్పుడూ లేవు. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉన్న మనవాళ్లకు మాత్రం ఈ పుకార్లతో నిజంగానే పని ఉంది, ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు గట్టిగా తెలిసినవి. ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగింది. పదకొండేళ్ల తర్వాత, 2023లో, ఎంఎక్స్-30 ఆర్-ఈవీలో ఒకే రోటర్ ఉన్న 8సీ ఇంజిన్ వచ్చింది. అది చక్రాలను తిప్పదు, జెనరేటర్‌ను మాత్రమే తిప్పుతుంది; ఆ కరెంటుతో మోటారు చక్రాలను తిప్పుతుంది. అదే ఏడాది అక్టోబర్‌లో ఐకానిక్ ఎస్‌పీ కాన్సెప్ట్ చూపించారు: రెండు రోటర్లు, 370 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలమానం), 1450 కిలోలు. 2024 ఫిబ్రవరి 1న రోటరీ అభివృద్ధి బృందాన్ని 36 మంది ఇంజినీర్లతో మళ్లీ ఏర్పాటు చేశారు. 2025 అక్టోబర్‌లో విజన్ ఎక్స్-కూపే వచ్చింది: రెండు రోటర్లు, టర్బో, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ కూడా ఉన్నది), 510 పీఎస్. ఇంతకు మించి వినిపించేదంతా ఈ ఐదు ముక్కల చుట్టూ అల్లిన కథే. ఆ కథల్లో ఏది నిలుస్తుందో, ఏది తేలిపోతుందో తేల్చడానికి లోపలి మనుషులేమీ అక్కర్లేదు. క్యాల్కులేటర్ చాలు.

మొదట సీసీ సంగతి. "1.3 లీటర్ల 13బీ ఇంజిన్ తిరిగొస్తోంది" అని (13బీ అంటే ఆర్‌ఎక్స్-8 దాకా వాడిన పాత రోటరీ) ఎవరైనా రాస్తే అక్కడితో చదవడం ఆపేయొచ్చు. రోటరీ సీసీ లెక్కకు మూడు కొలతలు కావాలి: రోటర్ కేంద్రం నుంచి మూల వరకు దూరం, రోటర్ మందం, షాఫ్ట్ కేంద్రం నుంచి రోటర్ కేంద్రం ఎంత పక్కకు జరిగి ఉందో ఆ దూరం. మూడింటినీ సెంటీమీటర్లలో గుణించి, దాన్ని మళ్లీ 5.196తో గుణిస్తే ఒక రోటర్ సీసీ వస్తుంది. ఆర్‌ఎక్స్-8లో ఆ కొలతలు 10.5, 8, 1.5. గుణిస్తే 654 పైచిలుకు, రెండు రోటర్లకు దాదాపు 1308. కొత్త 8సీలో అవే కొలతలు 12, 7.6, 1.75. ఫలితం 829 చిల్లర, కంపెనీ చెప్పే 830. అంటే పాత ఇంజిన్‌ను అరలోంచి తీసి దుమ్ము దులపలేదు. రోటర్ పెద్దదైంది, పలచబడింది, పక్కజరుగు పెరిగింది. హౌసింగ్ (రోటర్ తిరిగే పెట్టె) లోపలి గోడ ఆకారమే మారిపోయింది. ఆ గోడను చెక్కే యంత్రాలు, పూత వేసే లైను, గ్యాస్ లీకవకుండా ఆపే సీళ్లు అన్నీ ఈ కొలతకే అమర్చుకున్నారు. ఏడాదికి 12–13 లక్షల కార్లు అమ్మే కంపెనీ ఒక స్పోర్ట్స్ కారు కోసం ఇంకో కొలత రోటర్ చేయిస్తుందని నేననుకోను. రెండు రోటర్లు వస్తే 830 రెండింతలు, అంటే 1660 సీసీకి అటూఇటూగానే రావాలి.

ఇక్కడో చిన్న ముచ్చట. జపాన్‌లో రోడ్డు పన్ను వేసేటప్పుడు రోటరీ సీసీని ఒకటిన్నరతో హెచ్చిస్తారు. 1660 ఒకటిన్నర రెట్లు చేస్తే 2490. 2500 సీసీ పన్ను గీతకు పది సీసీ లోపల! కాకతాళీయమే కావచ్చు, కానీ చూడ్డానికి భలే ఉంది.

ఇప్పుడు పవర్. 8సీ ఒక రోటర్‌తో ఇచ్చేది 55 కిలోవాట్లు. అదే ట్యూనింగ్‌తో రెండు రోటర్లంటే 110, అంటే దాదాపు 150 పీఎస్. ఐకానిక్ ఎస్‌పీకి చెప్పింది 370 పీఎస్, అంటే 272 కిలోవాట్లు. తేడా 162. ఇంజిన్ జెనరేటర్‌గానే ఉండి, టర్బో లేకపోతే, ఆ 162 కిలోవాట్లూ బ్యాటరీయే పెట్టుకోవాలి. జెనరేటర్‌లో, ఇన్వర్టర్‌లో పోయే నష్టాలు వదిలేసినా సరే, ఇది ఎలా ఉంటుందో చూడండి. ఎంఎక్స్-30 ఆర్-ఈవీలో బ్యాటరీ 17.8 కిలోవాట్ అవర్లు. అలాంటి బ్యాటరీ నుంచి 162 లాగడమంటే, గంటలో ఖాళీ కావాల్సినదాన్ని తొమ్మిది రెట్ల వేగంతో పిండడం. సెల్స్ వేడెక్కుతాయి, కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. వేడి సంగతి పక్కన పెట్టినా, అందులో వాడుకోదగ్గవి 10 కిలోవాట్ అవర్లు అనుకుంటే పూర్తి పవర్ నాలుగు నిమిషాలు కూడా నిలవదు. సిగ్నల్ దగ్గర పక్కవాడికి చూపించడానికి సరిపోతుంది. ట్రాక్ మీద రెండు మూడు ల్యాపులయ్యాక 370 పీఎస్ కారు కాస్తా 150 పీఎస్ కారవుతుంది.

పోనీ బ్యాటరీ పెంచుదామంటే 1450 కిలోల మాట గాల్లో కలుస్తుంది. కాబట్టి ఐకానిక్ ఎస్‌పీ అంకెలు రెండూ నిలబడాలంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువ పట్టించాలి (టర్బో చేసే పని అదే), లేదా ఆర్‌పీఎం బాగా పెంచాలి. రెండేళ్ల తర్వాత విజన్ ఎక్స్-కూపేలో టర్బో కనబడటం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. "రేంజ్ ఎక్స్‌టెండర్ స్పోర్ట్స్ కారు" (ఇంజిన్ కరెంటు మాత్రమే తయారుచేసేది) అనే పుకారు కన్నా "టర్బో రోటరీ హైబ్రిడ్" పుకారుకు ఎక్కువ మార్కులు వేస్తాను. 510 పీఎస్ అంకె మాత్రం చిన్న స్పోర్ట్స్ కారుకు తగిలించకండి. అది అయిదు మీటర్ల పైచిలుకు పొడవున్న నాలుగు తలుపుల కారుది.

అసలు చిక్కు పవర్‌లో లేదు, పొగలో ఉంది. యూరప్‌లో ఆర్‌ఎక్స్-8 అమ్మకం 2010లోనే ఆగింది, యూరో 5 ఉద్గార నిబంధనలు దాటలేక. కారణం ఇంజిన్ ఆకారంలోనే ఉంది. పిస్టన్ ఇంజిన్‌లో పెట్రోలు మండే గది గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. రోటరీలో అది పొడుగ్గా, సన్నగా, గోడ వెంట కదులుతూ పోతుంది. మంట ఒక కొసకు చేరేలోపు రెండో కొసలో పెట్రోలు చల్లటి గోడకు అంటుకుని పచ్చిగానే మిగిలిపోతుంది. మిగిలింది సైలెన్సర్‌లోకి. పైగా రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు అరిగిపోకుండా ఇంజినే కొంచెం కొంచెం ఆయిల్ చిమ్ముతుంది, అదీ కాలుతుంది. పొగ పరీక్షలో రెండూ నేరాలే.

దీనికి 8సీలో చేసినవి గమనించదగ్గవి. పెట్రోలు నేరుగా గదిలోకే చిమ్ముతారు. అపెక్స్ సీల్ మందం 2 మిల్లీమీటర్ల నుంచి 2.5కి పెంచారు. పక్క హౌసింగులు ఇనుము నుంచి అల్యూమినియానికి మార్చి, రుద్దుకునే ముఖానికి గట్టి పూత వేశారు. అయితే ఆ ఇంజిన్ బతుకు హాయి: జెనరేటర్ కాబట్టి దానికి నచ్చిన ఆర్‌పీఎంలో తిరుగుతుంది. స్పోర్ట్స్ కారులో అలా కుదరదు. ఐడిల్ నుంచి రెడ్‌లైన్ దాకా, కాలు పడ్డ ప్రతిసారీ, గాలీ పెట్రోలూ సరైన పాళ్లలో ఉండాలి. టర్బో ఇంజిన్లు వేడి తగ్గించుకోవడానికి ఎక్కువ పెట్రోలు పోసుకునే పాత చిట్కాకు కొత్త నిబంధనల్లో చోటు తగ్గిపోతోంది. స్కైయాక్టివ్-జెడ్ అనే కొత్త పిస్టన్ ఇంజిన్ కోసం నేర్చుకున్న దహన పాఠాలను రోటరీకి కూడా వాడతామని మాజ్డా 2024 నవంబర్‌లో చెప్పింది. పుకార్ల రాయుళ్లు పట్టించుకోని వార్త ఇదే, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేదీ ఇదే. రోటరీ ముందు ఆ పరీక్ష పాసవ్వాలి, డోరు హ్యాండిల్ సంగతి తర్వాత.

బాడీ గురించి రెండు మాటలు. ఐకానిక్ ఎస్‌పీ ఎత్తు 1150 మిల్లీమీటర్లు. మాజ్డా పాత రోటరీ కారు మూడో తరం ఆర్‌ఎక్స్-7 అంత పొట్టి కారే 1230. ఫ్లోరు కింద బ్యాటరీ పరిచి 1150 సాధించలేరు, డ్రైవర్ తల రూఫుకు కొడుతుంది. బ్యాటరీ మధ్య టన్నెల్‌లోనో సీట్ల వెనకో పోవాలి, లేదా కారు ఎత్తు పెరగాలి. పైకి లేచే హెడ్‌లైట్ల మీద ఆశ పెట్టుకోకండి. అలాంటివున్న చివరి పెద్ద మోడళ్లు 2004తో ఆగిపోయాయి. ఢీకొన్నప్పుడు పాదచారికి తగిలే భాగాలపై నిబంధనలు బిగిశాక వాటిని మళ్లీ తేవడానికి ఎవరూ సాహసించలేదు.

ఇక పేటెంట్ బొమ్మలు. "లీకైన డిజైన్" అని తిరిగేవి లీకులు కావు, పేటెంట్ ఆఫీసు తానే అచ్చువేసినవి. సాధారణంగా దరఖాస్తు పెట్టిన పద్దెనిమిది నెలలకు అవి బయటపడతాయి, అంటే మీరు చూస్తున్నది దాదాపు ఏడాదిన్నర పాతది. అందులో లెక్కలోకి వచ్చేది రక్షణ కోరిన భాగం ఒక్కటే. సస్పెన్షన్ మీద పేటెంటైతే చుట్టూ గీసిన కూపే ఆకారం ఊరికే నింపినది కావచ్చు. బొమ్మను కాదు, క్లెయిములు (రక్షణ కోరిన అంశాల జాబితా) చదవండి. ట్రేడ్‌మార్కులు ఇంకా బలహీనం. వాడినా వాడకపోయినా, ఇంకొకడు ఎగరేసుకుపోకుండా కంపెనీలు పేర్లు నమోదు చేసుకుంటూనే ఉంటాయి.

మరి దేన్ని నమ్మాలి? వేరే కారు బాడీ కింద దాగి రోడ్డెక్కిన టెస్ట్ కారు శబ్దాన్ని నమ్మొచ్చు. రోటరీ ఐడిల్ గొంతును పిస్టన్ ఇంజిన్ అనుకరించలేదు. అమెరికాలో కాలిఫోర్నియా వాయు బోర్డు, పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే ఉద్గార సర్టిఫికెట్లలో రెండు రోటర్ల ఇంజిన్ కనిపిస్తే సందేహమే అక్కర్లేదు. అలాగే అక్కడ కొత్త కారు అమ్మకానికి కనీసం 60 రోజుల ముందు వీఐఎన్ (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు నంబరు) అక్షరాల అర్థం ప్రభుత్వానికి ఇవ్వాలి, అందులో ఇంజిన్ రకం ఉంటుంది. ఇవేవీ రాకముందే "క్యూలో మీ పేరు రాసుకుంటాం" అని డీలరెవరైనా అడ్వాన్సు అడిగితే, తిరిగి ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఇవ్వకండి.

చివరికి చెప్తానన్న సంగతి. పుకారు లేచిన ప్రతిసారీ పాత ఆర్‌ఎక్స్-8ల కోసం జనం ఎగబడతారు, అలసిపోయిన ఇంజిన్లు చేతులు మారతాయి. కొనేముందు కంప్రెషన్ టెస్ట్ (ఇంజిన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో చూసే పరీక్ష) తప్పదు. మామూలు గేజ్ పనికిరాదు, ఒక్క రోటర్‌కు మూడు ముఖాలుంటాయి, అది మూడింట్లో పెద్ద అంకె ఒక్కటే చూపిస్తుంది. మూడూ విడివిడిగా చూపే రోటరీ టెస్టర్ కావాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక పెట్రోలు, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు స్టార్టర్ తిప్పాలి. 250 ఆర్‌పీఎం దగ్గర కొత్త ఇంజిన్‌కు 830 కిలోపాస్కల్స్, కనీస హద్దు 680. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 150 మించకూడదు, రెండు రోటర్ల మధ్య 100.

అంకెలు వచ్చాక వాటి పొందిక చూడండి. పక్కపక్క రెండు ముఖాలు పడిపోతే వాటి మధ్యనున్న అపెక్స్ సీల్ పోయినట్టు, ఎందుకంటే అది రెండు ముఖాలకూ ఉమ్మడి. ఒక్క ముఖమే పడిపోతే రోటర్ పక్క అంచున ఉండే సైడ్ సీల్ మీద అనుమానం. అన్నీ సమానంగా తక్కువుంటే మొత్తం అరిగింది, రీబిల్డ్ ఖర్చు ధరలో తగ్గించమనండి. టెస్ట్ రిపోర్టులో ఆర్‌పీఎం రాయకపోతే ఆ కాగితానికి విలువ లేదు: బ్యాటరీ నీరసంగా ఉంటే మంచి ఇంజిన్ చెడ్డదిగా కనిపిస్తుంది, స్టార్టర్ జోరుగా తిరిగితే చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది. టెస్టర్ దొరకని ఊళ్లో ఉంటే, అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. కంప్రెషన్ పోయిన రోటరీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా స్టార్టవుతుంది, వేడి మీదే మొండికేస్తుంది. మీరు వెళ్లేసరికి అమ్మేవాడు ఇంజిన్ చల్లగా ఉంచితే, అరగంట నడపనివ్వమని తప్పకుండా అడగండి.