రాహుకాలం పక్కన జున్ను కాలం

మా కుక్కపిల్ల జున్ను ఇంటికి వచ్చేనాటికి దాని వయసు దాదాపు రెండు నెలలు. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, ఒక స్కూటర్ కింద వానకు తడిసి ముడుచుకుని కనిపించింది. ఒంటి రంగు చూసి మా అబ్బాయి ఆ పేరు పెట్టాడు. మొదటి వారమంతా ముద్దులే. రెండో వారానికి మా అమ్మ పాదాల మీద పసుపు కంటే పంటి గాట్లే ఎక్కువయ్యాయి.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. అది హాల్లో మూత్రం పోసినప్పుడల్లా తెలిసినవారొకరు చెప్పిన వైద్యమే చేశాను. దాని ముక్కును ఆ తడి దాకా వంచి, చుట్టచుట్టిన పేపరుతో నేల మీద గట్టిగా కొట్టేవాణ్ణి. నాలుగు రోజుల్లో హాలు పొడిబారింది. గెలిచాననుకున్నాను. ఐదో రోజు ఊడ్చడానికి సోఫా జరిపితే వెనకాల చిన్న చెరువు! ఇంట్లో పోయకూడదని అది నేర్చుకోలేదు. నా కళ్ల ముందు పోయకూడదని నేర్చుకుంది.

టీకాకు తీసుకెళ్లినప్పుడు వెటర్నరీ డాక్టరమ్మకు ఈ సంగతి సిగ్గుపడుతూనే చెప్పాను. "అది చేసిన పనికీ, మీరిచ్చే ఫలితానికీ మధ్య ఒకటి రెండు సెకన్లకు మించి ఎడం ఉండకూడదండీ. తర్వాత ఎంత అరిచినా, మీకు ఉన్నట్టుండి కోపం వస్తుందనే దానికి అర్థమవుతుంది" అన్నారావిడ. టీకాలు పూర్తయ్యేదాకా పార్వో అనే వైరస్ జబ్బు భయం ఉంటుంది కాబట్టి వీధిలో నేల మీద వదలవద్దన్నారు. అలాగని ఇంట్లోనే దాచిపెట్టకుండా, ఎత్తుకుని తిప్పి బస్సులూ ఆటోలూ కొత్త మనుషులూ అలవాటు చేయమన్నారు. దాంతో నెలపాటు సాయంత్రాలు జున్ను నా భుజం మీదే ఊరేగింది.

మూత్రం సంగతి మా ఆవిడ చేతిలోకి తీసుకుంది. బాల్కనీలో ఒక వెడల్పాటి ట్రేలో మట్టి పోసింది. వంటగది తలుపు పక్కన వేలాడే క్యాలెండరులో, రోజువారీ గడుల్లో రాహుకాలం, వర్జ్యం పక్కనే పెన్సిలుతో జున్ను వేళలు రాయడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఆ గడులే మాకు దారి చూపాయి. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న పావుగంటకు ఒకసారి, ఆట మధ్యలో తప్పకుండా ఒకసారి. ఆ వయసు పిల్ల పగలు మహా అయితే రెండు గంటలు ఆపుకోగలదట. మాది గంటన్నర దాటేది కాదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఎత్తుకుని బాల్కనీకి పరుగే. పని కాగానే అక్కడే, ట్రే పక్కనే, ఉడికించిన చికెన్ తునక. లోపలికి వచ్చాక ఇస్తే లోపలికి వచ్చినందుకు ఇచ్చినట్టు అవుతుంది. ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కే మోసపోతుంది, కుక్క ముక్కు కాదు. వాసనను విరగ్గొట్టే ఎంజైము ద్రావణం కొన్నాకే అది ఆ పాత మూలలను వదిలింది. మొత్తం ఆరు వారాలు పట్టింది.

కొరకడం ఇంకా విచిత్రం. రోజూ రాత్రి ఏడు దాటగానే దయ్యం పట్టినట్టు లుంగీ అంచులూ, చీర కుచ్చిళ్లూ, చేతులూ పట్టుకుని పీకేది. ఆట చాలడం లేదేమోనని ఇంకా పరుగెత్తించాం. ఇంకా కొరికింది. అసలు లోటు నిద్రది. కుక్కపిల్లలు రోజుకు పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు పడుకుంటాయి. మా ఇంట్లో టీవీ, పిల్లలు, కాలింగ్ బెల్లు కలిసి దాన్ని పడుకోనిచ్చిందెప్పుడు? ఆరున్నరకే మా గదిలో లైటు ఆర్పి పడుకోబెట్టడం మొదలుపెట్టాక సగం గొడవ తగ్గింది. మిగతా సగానికి, పళ్లు తగలగానే ఆట ఆపి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయేవాళ్లం. అర నిమిషం తర్వాత తిరిగి వచ్చి, తడిపి ముడివేసి ఫ్రీజర్‌లో పెట్టిన పాత తువ్వాలు ముక్క ఇచ్చేవాళ్లం. నాలుగో నెల దాటాక ఒకరోజు చాప మీద బియ్యపు గింజంత పన్ను దొరికింది. మా అబ్బాయి దాన్ని ఇప్పటికీ అగ్గిపెట్టెలో దాచుకున్నాడు.

ఒంటరిగా వదిలితే ఏడవడం మాత్రం ఓపికను పిండేసింది. తాళంచెవుల గుత్తి చప్పుడుకే వణికేది. అందుకే గుత్తి తీసి మళ్లీ కుర్చీలో కూర్చునేవాణ్ణి, రోజుకు ఇరవై సార్లు. తర్వాత తలుపు బయట పది సెకన్లు, అర నిమిషం, రెండు నిమిషాలు. ఎదురింటావిడ "ఏమండీ, తాళం పడటం లేదా?" అని రెండుసార్లు అడిగారు. ఏడుపు మొదలయ్యేలోపే తిరిగి రావాలి, అందులోనే ఉంది కిటుకంతా. గంటసేపు నిశ్చింతగా వదలగలగడానికి రెండు నెలలు పట్టింది.

భోజనాల దగ్గర మొరగడం ఇంకా పూర్తిగా పోలేదు. పట్టించుకోకుండా ఉంటే మానేస్తుందన్నారు, నిజమే. కానీ మానేసే ముందు రెండింతలు మొరుగుతుంది. సరిగ్గా మూడో రోజు ఆ మోతకు తట్టుకోలేక అమ్మ దోసె ముక్క జార్చింది. గట్టిగా మొరిగితేనే దోసె అని దానికి రూఢి అయిపోయింది.

అదే అమ్మ కుక్కర్ కూతకు అది మొరగడాన్ని మాత్రం తానే మాన్పించింది. కూత రాగానే ఒక క్యారెట్ ముక్క, అంతే. ఇప్పుడు మొదటి కూతకే జున్ను వంటగది గడప దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. మూడో ముక్క తిన్నాక అమ్మ స్టవ్ ఆపేస్తుంది. కూతలు లెక్కపెట్టుకోవడం ఎప్పుడో మానేసింది.