ఎలకలకి బ్రేసెస్ వేయడానికి పర్మిషన్ – నా అనుభవం

నిన్న సాయంత్రం డిసర్టేషన్ సబ్మిట్ చేసేశాను. నాలుగు కాపీలు, మెరూన్ అట్ట, బంగారు అక్షరాలు. ఇంకో నెల ఆగితే నా కోపం చల్లారిపోతుంది, అప్పుడు రాస్తే అన్నీ మంచి మాటలే రాస్తాను, మీకేం పనికిరాదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

నేను ఆర్థోడాంటిక్స్, అంటే వంకర పళ్ళు సరిచేసే విభాగంలో ఎండీఎస్ ఫైనలియర్. మాది కృష్ణా జిల్లా, చదివేది కూడా కోస్తాలోనే, కాలేజీ పేరు మాత్రం అడగొద్దు. బ్రేసెస్ వేశాక వచ్చే నొప్పి లో-లెవెల్ లేజర్‌తో తగ్గుతుందా అనేది నా టాపిక్, కానీ చేసింది మనుషుల మీద కాదు, ఎలకల మీద. మనిషిని అడిగితే నొప్పి పదికి ఎంతో చెప్తాడు, లేజర్ పెట్టారని తెలిస్తే తగ్గిందని కూడా చెప్తాడు. ఎలకకి ఆ మొహమాటం లేదు. దాని మొహం చూసి మనమే కొలుచుకోవాలి. దానికి ర్యాట్ గ్రిమేస్ స్కేల్ అని ఉంది, కెనడా మెక్‌గిల్ యూనివర్సిటీలో జెఫ్రీ మోగిల్ గారి ల్యాబ్ వాళ్ళు 2010లో చిట్టెలకలకి తయారుచేశారు, 2011లో ఎలకలకి వచ్చింది. కళ్ళు ఎంత చికిలించింది, ముక్కు బుగ్గలు ఎంత చదునయ్యాయి, చెవులు ఎటు తిరిగాయి, మీసాలు ఎలా బిగుసుకున్నాయి, ఈ నాలుగింటికీ 0, 1, 2 మార్కులు.

టాపిక్ ఓకే అవడం, సినాప్సిస్ యూనివర్సిటీకి పంపడం, మా కాలేజీ సైంటిఫిక్ కమిటీ, వీటి గురించి చెప్పడానికేం లేదు, టైంకి పంపండి చాలు. మా కాలేజీలో యానిమల్ హౌస్ లేదు కాబట్టి 40 కిలోమీటర్ల అవతల ఒక ఫార్మసీ కాలేజీ వాళ్ళ దాంట్లో చేసుకోవడానికి ప్రిన్సిపాల్ లెటర్ పట్టుకెళ్తే ఒప్పుకున్నారు. అదీ తేలిగ్గానే అయింది.

తర్వాత ఫారం-బి. తెలియనివాళ్ళకి చెప్తున్నా, మన దేశంలో జంతువుల మీద ప్రయోగం చేయాలంటే 1960 చట్టం, దాని కింద వచ్చిన 1998 నిబంధనల ప్రకారం ముందే అనుమతి కావాలి. ఎలకల్లాంటి చిన్న జంతువులకి సంస్థలో ఉండే యానిమల్ ఎథిక్స్ కమిటీ, అంటే ఐఏఈసీ ఇస్తే సరిపోతుంది. ఆ కమిటీకి పెట్టుకునే అప్లికేషనే ఫారం-బి. నింపడం ఒక్కరోజు పని, దాన్ని సెక్షన్‌లో తీసుకునేలా చేయడానికి నాకు 5 వారాలు పట్టింది. మొదటిసారి పాత ఫార్మాట్ అన్నారు, జంతు ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీపీసీఎస్ఈఏ పేరు మారి సీసీఎస్ఈఏ అయింది కదా, మా సీనియర్ ఇచ్చిన ఫారంలో పాత పేరుంది, సరే అది నా తప్పే. రెండోసారి గైడ్ సంతకం నల్ల ఇంకుతో ఉంది, నీలం ఇంకుతోనే ఉండాలన్నారు. మూడోసారి వెళ్తే తీసుకునే మనిషి సెలవు. నాలుగోసారి, "ఇన్ని కాపీలు చాలవమ్మా, మెంబర్లందరికీ ఒక్కోటి స్పైరల్ బైండింగ్ చేయించి పట్రా" అన్నారు, ఆ ముక్క మొదటిరోజే చెప్పచ్చు కదా. నీలం ఇంకు అని ఎక్కడుందో చూపించండి అంటే "ఇక్కడ ఇంతేనమ్మా" అన్నారు. 1998 నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా చదివాను నేను, ఇంకు రంగు గురించి ఒక్క ముక్క లేదు. వెళ్ళిన ప్రతిసారీ క్లినిక్‌లో నా పేషెంట్లని ఎవరికో అప్పజెప్పి వెళ్ళాను, వైర్ మార్చాల్సిన పిల్లలు వెనక్కి వెళ్ళిపోయారు, ఆ లెక్క ఎవరూ వేయరు.

మీటింగ్ రెండుసార్లు వాయిదా పడి మూడోసారి జరిగింది. ఉదయం 9:30కి రమ్మన్నారు, నన్ను పిలిచింది మధ్యాహ్నం 3:40కి. కుర్చీలు లేవు, వరండాలో మెట్ల మీద కూర్చున్నా. ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి, ఇన్ని నెలలైనా తల్చుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

లోపల తొమ్మిది మంది ఉన్నారు. నేను స్లైడ్లు మొదలుపెట్టాను, రెండో స్లైడ్ కూడా అవ్వలేదు, "60 ఎలకలు ఎందుకమ్మా?" అని అడిగారు. గ్రూపుకి 20, మూడు గ్రూపులు అన్నాను. "20 ఎందుకు?" ఎక్కువ ఉంటే స్టాటిస్టిక్స్‌కి మంచిది సార్ అన్నాను. నిజం చెప్పాలంటే అది మా సీనియర్ థీసిస్‌లో నుంచి దించిన నంబర్. ఎన్ని జంతువులు చాలో లెక్కగట్టే రిసోర్స్ ఈక్వేషన్ తెలుసా అన్నారు. నీళ్ళు నమిలాను. తర్వాత ఇంకొకాయన, ఎలకల్లో బ్రేసెస్ నొప్పిని మొహం చూసి కొలవడం 2014లోనే చైనావాళ్ళు చేశారు కదా, చేసిందే మళ్ళీ చేయడానికి ప్రాణాలు ఎందుకు తీయాలి అన్నారు. దీనికి నా దగ్గర జవాబుంది, వాళ్ళు నొప్పిని కొలిచారు, నేను దాన్ని లేజర్‌తో తగ్గించడం చూస్తున్నాను, కానీ అప్పటికే నోరు ఎండిపోయి సగమే చెప్పగలిగాను.

అప్పుడు వెటర్నరీ డాక్టర్ గారు, అప్పటిదాకా మాట్లాడని మనిషి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి "ఎలకకి నొప్పేస్తే ఎలా ఉంటుందమ్మా?" అన్నారు. తిండి తినదు సార్. "ఇంకా?" బరువు తగ్గుతుంది. "ఇంకా?" నేను స్కేల్ గురించి చెప్పబోతే, "పేపర్లో ఉన్నది కాదు, నువ్వు చూసింది చెప్పు" అన్నారు. నేనేం చూళ్ళేదు. "ఎలకని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా?" లేదు సార్ అన్నాను. ఎవరో పక్కనుంచి "పంటి డాక్టర్లు ఇంతే, పన్ను తప్ప దాని వెనకున్న ప్రాణం కనపడదు" అన్నారు, నలుగురూ నవ్వారు. మా గైడ్ నా పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు, ఒక్కమాట, ఒక్క మాట కూడా నా తరఫున మాట్లాడలేదు. ప్రపోజల్ పక్కన పెట్టేశారు, సవరించి మళ్ళీ రమ్మన్నారు. బయటికొచ్చి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ నవ్విన వాళ్ళని నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ డాక్టర్ గారు అడిగిన ప్రశ్న న్యాయమైన ప్రశ్న. బీడీఎస్ ఐదేళ్ళు, ఎండీఎస్ మూడేళ్ళు, ఎలకకి మొత్తం 16 పళ్ళని, ముందు పళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయని, దవడ పళ్ళు పెరగవని అన్నీ చదువుతాం, బతికున్న ఎలకని మాత్రం ఒక్కసారి చూపించరు. నొప్పి మీద థీసిస్ రాసే మనిషి ఆ నొప్పి పడే ప్రాణిని ముట్టుకోకుండా అప్లికేషన్ పెట్టడం తప్పు. నాకు ముందే ఎవరైనా చెప్పుంటే ముందే వెళ్ళేదాన్ని.

మర్నాడే డాక్టర్ గారికి ఫోన్ చేసి నేర్చుకుంటాను సార్ అన్నాను. ఆయన కూడా అంతే సూటిగా, "రెండు వారాలు యానిమల్ హౌస్‌లో ఉండు, ప్రయోగం ఏం చేయకు, ఊరికే ఉండు" అన్నారు. అక్కడ అటెండర్ బాబాయ్, పదహారేళ్ళ నుంచి ఎలకల్ని చూసుకుంటున్నాడు. నాకు నేర్పింది ఆయనే. "తోక పట్టి లేపకు పాపా, దానికి ఎప్పటికీ నువ్వంటే భయం పోదు. పైనుంచి చెయ్యి తేకు, గద్ద వచ్చినట్టుంటది దానికి. పక్కనుంచి తీసుకురా, వాసన చూడనీ." మొదటి మూడు రోజులు వరి ఊక మార్చడం, నీళ్ళ సీసాలు కడగడం, బోను తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి కదలకుండా కూర్చోడం, అంతే. నాలుగో రోజు ఒకటి నా అరచేతిలోకి తనే ఎక్కింది. వారం దాటాక అదే ఒళ్ళో కూర్చుని పళ్ళు మెల్లగా గరగరా నూరుతుంటే కళ్ళు రెండూ బయటికి లోపలికి అదురుతున్నాయి, ఏదో జబ్బు చేసిందని గుండె జారిపోయి కేకేశాను. బాబాయ్ నవ్వి "హాయిగా ఉందమ్మా దానికి" అన్నాడు. తర్వాత పుస్తకం తీసి చూస్తే, ఎలక దవడ కండరంలో ఒక పాయ కంటిగుంట గుండా వెళ్తుంది, పళ్ళు నూరినప్పుడల్లా అది కంటిని తోస్తుంది. దవడ కండరాలు నేను ఎన్నిసార్లు చదివి పరీక్షలు రాశానో, ఒళ్ళో పెట్టుకుని చూసింది మాత్రం ఆ రోజే.

కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర రక్తంలా ఎర్రగా కనపడితే అది రక్తం కాదని, హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అని, ఒత్తిడిలో ఉన్న ఎలకకో జబ్బుపడ్డ ఎలకకో ఎక్కువ వస్తుందని కూడా అక్కడే తెలిసింది. బాబాయ్‌కి ఆ పేర్లేవీ తెలియవు, "కళ్ళ కింద ఎరుపొస్తే దాన్ని ఆ పూట వదిలేయ్" అంటాడు.

ప్రపోజల్ మొత్తం మళ్ళీ రాశాను. రిసోర్స్ ఈక్వేషన్ ఏంటంటే, మొత్తం జంతువుల్లోంచి గ్రూపుల సంఖ్య తీసేస్తే 10కి 20కి మధ్య రావాలి. గ్రూపుకి 7, మొత్తం 21, అందులో 3 పోతే 18. అంటే 39 ఎలకలు బతికిపోయాయి, ఆ మీటింగ్‌లో జరిగిన మేలు అదొక్కటే. బరువు ఇంత శాతం తగ్గితే పళ్ళకి కట్టిన స్ప్రింగ్ తీసేసి నొప్పి మందు ఇస్తాం, ఆ ఎలక ప్రయోగం నుంచి బయటికొస్తుంది అని కూడా స్పష్టంగా రాశాను, ఇది రాయకపోతే ఏ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. రెండో మీటింగ్ 7 నిమిషాల్లో అయిపోయింది. ఎలకకి నొప్పేస్తే ఎలా ఉంటుందో ఈసారి ఎవరూ అడక్కముందే రెండు నిమిషాలు చెప్పాను, స్లైడ్ చూడకుండా. డాక్టర్ గారు తలూపి సంతకం పెట్టారు. ఆ గదిలో ఆ రోజు ప్రజెంట్ చేసిన వాళ్ళందరిలో నాదే బావుందని బయట క్లర్క్ చెప్పాడు, నీలం ఇంకు ఆయనే.

ప్రయోగం సంగతి క్లుప్తంగా చెప్తా. మత్తుమందు కెటమిన్ 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉంది, మీ అంతట మీరు షాపుకెళ్ళి అడగకండి, వెటర్నరీ డాక్టర్ ద్వారానే తెప్పించండి. మత్తిచ్చి పైన మొదటి దవడ పన్నుకి, ముందు పళ్ళకి మధ్య 50 గ్రాముల బలంతో లాగే స్ప్రింగ్ కట్టాను. ముందు పళ్ళు పెరుగుతూ ఉంటాయి కాబట్టి వైర్ జారిపోతుంది, చిగుళ్ళ దగ్గర పంటి మీద సన్నగా గాడి పెట్టి కట్టాలి. గట్టి పెల్లెట్లు పెడితే స్ప్రింగ్ ఊడొస్తుంది, నీళ్ళలో నానబెట్టి ముద్దలా పెట్టాలి.

అసలు స్ప్రింగ్ కట్టిన మర్నాడు ఉదయం నేను ఎన్నటికీ మర్చిపోను. 9వ నంబర్ ఎలక ముద్ద దగ్గరికొచ్చి వాసన చూసింది. రెండు ముందు కాళ్ళతో కొంచెం తీసుకుంది, నోటి దాకా తెచ్చింది, ఆగింది, కింద పెట్టేసింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ పెట్టేసింది. కళ్ళు సగం మూసుకుపోయున్నాయి, చెవులు ముడుచుకుని బయటికి తిరిగాయి, బుగ్గ ఉబ్బు పోయి మూతి చదునుగా అయింది. మనం రోజూ పేషెంట్‌తో "రెండ్రోజులు కొంచెం లాగినట్టుంటుంది, ఏం కాదు" అని చెప్పి పంపేస్తాం కదా, ఆ రెండ్రోజులు ఇదే. ఆ తర్వాత నుంచి నేను ఏ పేషెంట్‌తోనూ ఏం కాదు అనే మాట అనలేదు. మొదటిరోజు రాత్రి నొప్పి ఎక్కువుంటుంది, మెత్తటి అన్నం పెరుగు తిను, నేను చెప్పిన మాత్రే వేసుకో అని కూర్చోబెట్టి చెప్తున్నా.

వీడియోల్లో ఒక చిక్కొచ్చింది. ట్రయల్ రోజుల్లో మా క్లాస్‌మేట్ అబ్బాయి కెమెరా పట్టుకోడానికి వచ్చాడు, ఆ రోజు స్కోర్లు తక్కువొచ్చాయి. డాక్టర్ గారికి చెప్తే వెంటనే పట్టేశారు. మగవాళ్ళ వాసనకి ఎలకలు ఒత్తిడికి లోనై నొప్పి చూపించడం తగ్గిపోతుందని అదే మోగిల్ ల్యాబ్ 2014లో చూపించింది. అప్పట్నుంచి రికార్డింగ్ అంతా నేనొక్కదాన్నే, గదిలోకి వేరే ఎవరినీ రానివ్వలేదు, బాబాయ్ కూడా బయటే. ఫొటోలకి నంబర్లు కలిపేసి, ఏది ఏ గ్రూపో తెలియని ఇద్దరు జూనియర్ల చేత మార్కులు వేయించాను. లేజర్ పనిచేసిందా లేదా అని అడగకండి, పేపర్ పంపే దాకా చెప్పను.

జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. ఫారం రాయకముందే యానిమల్ హౌస్‌కి వెళ్ళండి. సీనియర్ థీసిస్‌లో నంబర్ దించకండి. గైడ్‌ని మీటింగ్‌కి తీసుకెళ్ళేముందు మాట్లాడతారో లేదో అడిగి తెలుసుకోండి, మాట్లాడని గైడ్ పక్కనుండటం కన్నా ఒక్కరే వెళ్ళడం నయం. నీలం పెన్ను ఒకటి బ్యాగులో పడేసుకోండి.

14వ రోజు అన్నిటికీ ఎక్కువ డోసు మత్తిచ్చి నిద్రపుచ్చారు, రూల్ ప్రకారం, ప్రోటోకాల్‌లో రాసిన ప్రకారం. నేను బయటికి వెళ్ళొచ్చని డాక్టర్ గారు అన్నారు. వెళ్ళలేదు. ఒక్కోదాన్నీ నేనే బోనులోంచి తీశాను, పక్కనుంచి చెయ్యి పెట్టి, వాసన చూడనిచ్చి. 9వ నంబర్ ఎక్కి కూర్చుంది, ఎప్పట్లాగే.

అక్నాలెడ్జ్‌మెంట్ పేజీలో బాబాయ్ పేరు గైడ్ పేరు తర్వాత రెండోది పెట్టాను, డిపార్ట్‌మెంట్‌లో కొంతమంది మొహాలు మాడ్చుకున్నారు, మాడ్చుకోనీ. ఐదో కాపీ ఆయనకోసమే వేయించాను. ప్రయోగానికి వాడిన జంతువుల లెక్క రాసే ఫారం-డి రిజిస్టర్‌లో నా సంతకం ఇంకొకటి మిగిలుందట, రేపు 7:40 బస్సుకి వెళ్ళి అదీ పెట్టేసి, కాపీ చేతికిచ్చి రావాలి.