నిరోధం సున్నా అయింది, అయినా అది క్వాంటం హాల్ కాదు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లు ఈ అంశాన్ని క్యాలిక్యులేటర్‌తోనే మొదలుపెట్టొచ్చు. పలచని పొరలో ఎలక్ట్రాన్లు కదిలే గాలియం ఆర్సెనైడ్ నమూనాపై, బలహీన అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్ పడితే దాని నిరోధం క్షేత్రంతో పాటు ఊగిసలాడి, కొన్ని చోట్ల సున్నాకు చేరుతుంది. ఆ సంగతే ఇది. ద్రవ హీలియం తర్వాత సంగతి.

గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి (స్ఫటికంలో కదిలేటప్పుడు ఉన్నట్టు కనిపించే ద్రవ్యరాశి) స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో 0.067 వంతు. కాబట్టి మైక్రోవేవ్ పౌనఃపున్యాన్ని గిగాహెర్ట్జ్‌లలో తీసుకుని 418తో భాగిస్తే సైక్లోట్రాన్ అనునాదం, అంటే అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ గుండ్రంగా తిరిగే వేగం మైక్రోవేవ్‌తో సరిపోయే చోటు, ఎన్ని టెస్లాల దగ్గరో తెలుస్తుంది. 100 గిగాహెర్ట్జ్‌కు 0.239 టెస్లా. నిరోధం బాగా పడిపోయేది మాత్రం అక్కడ కాదు. ఆ 0.239ని 5/4తో, 9/4తో భాగించిన చోట్ల, అంటే 0.191, 0.106 టెస్లాల దగ్గర. ఆ పావు వంతు జరుగుడే ఈ విషయానికి ప్రాణం. ఫోటాన్ శక్తి లాండౌ మెట్ల (అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్‌కు వీలైన శక్తి స్థాయిల) మధ్య దూరం కన్నా కాస్త ఎక్కువైతే, ఆ మిగులుతో ఎలక్ట్రాన్ మలినాలను ఢీకొని తనను లాగే విద్యుత్ బలానికి ఎదురెక్కుతుంది. కరెంటు తగ్గుతుంది. దీనికి తోడు మైక్రోవేవ్ మెట్లలో ఎలక్ట్రాన్ల పంపిణీనే మార్చేస్తుంది. చాలా నమూనాల్లో ఈ రెండోదే బలమైనదని 2005లో ద్మిత్రియేవ్ బృందం సిద్ధాంతపరంగా చూపింది.

ఈ ఊగిసలాటను 2001లో జుడోవ్ బృందం ప్రకటించింది. మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే కొలత) వోల్టు-సెకనుకు కోటి చదరపు సెంటీమీటర్లు దాటిన నమూనాల్లో ఊగిసలాట అడుగు సున్నాను తాకడం 2002లో మణి బృందం, 2003లో జుడోవ్ బృందం చూపాయి. సిద్ధాంతం లెక్క రుణ నిరోధం దాకా పోతుంది, కానీ ఆ స్థితి నిలవదు. నమూనా ఎదురెదురు కరెంటు పాయలుగా విడిపోయి, కొలిచేది సున్నా దగ్గర ఆగుతుందని ఆండ్రేయెవ్, అలైనర్, మిల్లిస్ వివరణ.

చదరపు సెంటీమీటరుకు 30 వేల కోట్ల ఎలక్ట్రాన్లుంటే 0.191 టెస్లా దగ్గర ఫిల్లింగ్, అంటే నిండిన లాండౌ మెట్ల లెక్క (రెండు స్పిన్‌లనూ విడిగా లెక్కిస్తే), సుమారు 65. అందుకే హాల్ నిరోధం (కరెంటుకు అడ్డంగా వచ్చే వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది) క్వాంటం హాల్‌లోలా మెట్టు కట్టదు, దాదాపు సరళరేఖగానే సాగుతుంది. దీన్ని ప్రతిసారీ పక్కనే కొలవాలి.

కొలతకు 1.5 కెల్విన్ మంచి చోటు: మైక్రోవేవ్ లేకున్నా నిరోధంలో కనిపించే షుబ్నికోవ్-డిహాస్ అలలు అక్కడ దాదాపు అణగిపోతాయి, మైక్రోవేవ్ అలలు మిగులుతాయి. లాక్-ఇన్ (చిన్న సంకేతాన్ని ఒకే పౌనఃపున్యంలో ఏరి కొలిచే పరికరం) పౌనఃపున్యం కరెంటు సరఫరా 50 హెర్ట్జ్‌కూ దాని గుణిజాలకూ దూరంగా ఉండాలి. మైక్రోవేవ్‌ను నమూనాకు చేర్చే గొట్టం, అంటే వేవ్‌గైడ్‌లో నిలువు అలల వల్ల పౌనఃపున్యం మారితే నమూనాకు చేరే పవర్ కూడా మారుతుంది, అందుకని పౌనఃపున్యం కదపకుండా అయస్కాంత క్షేత్రాన్నే పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. పవర్ మరీ పెంచితే ఎలక్ట్రాన్లు వేడెక్కి అలలు చిన్నవవుతాయి.

సూపర్‌కండక్టింగ్ అయస్కాంతంలో కొన్ని మిల్లీటెస్లాల శేష క్షేత్రం చిక్కుకుంటుంది. 0.106 దగ్గర అంత తేడా పావు వంతు లెక్కను చెడగొట్టగలదు. క్షేత్రాన్ని ధన, రుణ దిశలు రెండింట్లోనూ నడిపి, రెండు వైపుల అడుగుల నడిమధ్యనే సున్నా క్షేత్రంగా తీసుకోవాలి.