రెడింగ్ మీదుగా ఫ్రిస్కోకి

అమ్మాయి ఇంగ్లండులో, అబ్బాయి అమెరికాలో ఉంటే మాలాంటి రిటైరైన వాళ్లకి ఒక సౌకర్యం ఉంది. టికెట్టు ఎలాగూ లండన్ మీదుగానే కాబట్టి దారిలో దిగి వేసవంతా అమ్మాయి దగ్గర గడిపి, ఎండలు కాస్త తగ్గాక అబ్బాయి దగ్గరికి పోవచ్చు. మేం అదే చేశాం. అమ్మాయిది లండన్ పక్కన రెడింగ్, అబ్బాయిది డాలస్ పక్కన ఫ్రిస్కో. ఆ రెండు దేశాలూ ఒకటేనని, యాసే తేడా అని అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. నేనైతే ఒప్పుకోను. గుంటూరు నుంచి వెళ్లిన నా కంటికి ఆ రెండూ చెరో లోకం.

రెడింగ్‌లో అమ్మాయి వాళ్లది వరసగా అంటుకుని ఉండే పాత ఇటుక ఇళ్లలో ఒకటి. పక్కింటి పెద్దావిడకీ మా వాళ్లకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఏళ్ల తరబడి వీళ్లు మాట్లాడుకున్న విషయాలు రెండే రెండు: వాన వస్తుందా రాదా, ఈ వారం ఏ రంగు చెత్తడబ్బా బయట పెట్టాలి. ఇంట్లోకి రమ్మనడం, కాఫీ తాగడం ఏమీ లేవు. నాకు మొదట్లో కోపం కూడా వచ్చింది. ఒకరోజు మేమంతా పొద్దున్నే బాత్ ఊరు చూడ్డానికి పోయి చీకటి పడ్డాక వచ్చేసరికి, రోడ్డు మీద ఉండాల్సిన మా చెత్తడబ్బా లోపల దాని చోట్లో ఉంది. మేం లేనప్పుడు వచ్చిన పార్సిల్ కూడా ఆవిడే తీసి ఉంచింది. థాంక్స్ చెప్పబోతే ఆవిడే ఇబ్బంది పడిపోయి మళ్లీ వాన సంగతి ఎత్తింది.

ఫ్రిస్కోలో దిగిన మర్నాడే ఎదురింటి ఆయన, భార్య ఇద్దరూ ఇంట్లో చేసిన కుకీలు పట్టుకుని వచ్చారు. నా చీర బాగుందన్నారు. మావారిని పేరు పెట్టి పిలిచి భుజం తట్టారు. ఈయన ముప్ఫై ఏళ్లు స్టాఫ్ చేత ‘సార్’ అనిపించుకున్న మనిషి, రెండు నిమిషాలు నోట మాట రాలేదు. షాపులో బిల్లు కొట్టే అమ్మాయి, లిఫ్టులో ఎక్కిన కుర్రాడు, అందరూ ఎలా ఉన్నారని అడిగేవాళ్లే. ఇదంతా పైపై మర్యాద అని మా కోడలు తేల్చేసింది. పైపైదైతే మాత్రం ఏం, పరాయి దేశంలో కొత్తమనిషికి అది చాలా ధైర్యం ఇస్తుంది. లండన్ మెట్రోలో అందరూ ఎదుటివాళ్ల బూట్లు చూస్తూ కూర్చునే ప్రయాణాల తర్వాత నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

బట్టలు ఆరేసుకోవడం దగ్గర మాత్రం అమెరికాతో నాకు పేచీ వచ్చింది. ఇంగ్లండులో ఎండ వచ్చేదే తక్కువ. అయినా వెనక పెరట్లో గొడుగులా తిరిగే తీగ ఒకటి ఉంటుంది, ఎండ కనిపిస్తే చాలు వీధంతా బట్టలు ఆరేస్తారు, చినుకు పడితే పరుగెత్తుకెళ్లి తెస్తారు. టెక్సస్‌లో సెప్టెంబరులో కూడా మాడ్చేసే ఎండ. అక్కడ బట్టలు కరెంటు డ్రయ్యర్‌లో తిరుగుతాయి. బయట తీగ కడదామంటే మావాడు గాభరా పడ్డాడు. కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదట, నోటీసు ఇస్తారట. గడ్డి ఎంత ఎత్తు పెరగొచ్చో, తలుపుకి ఏ రంగు వేయొచ్చో అన్నిటికీ రూల్సు ఉన్నాయి. గవర్నమెంటు జోక్యం చేసుకుంటే ఊరుకోమనే జనం, పది వీధుల సంఘం చెబితే తువ్వాలు కూడా ఆరేసుకోరు!

రెడింగ్‌లో మనవడికి చెవిపోటు వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి డాక్టరు ఫోన్ లైను తెరుస్తారు. ఎనిమిది కొట్టగానే ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తుంది. మా అల్లుడు స్పీకర్ పెట్టుకుని, లైను దొరికేదాకా వాళ్లు వినిపించే పాట వింటూ పిల్లాడికి టిఫిన్ తినిపించాడు. చివరికి దొరికిన రిసెప్షనిస్టు దీనికి డాక్టరు అక్కర్లేదు, మందులషాపుకి పొమ్మంది. 2024 జనవరి నుంచి చెవిపోటులాంటి ఏడు చిన్న జబ్బులకి ఇంగ్లండు ఫార్మసిస్టులే చూసి మందు ఇవ్వచ్చట. ఆయన లోపలి గదిలోకి తీసుకెళ్లి చెవిలో లైటు వేసి చూసి, సీసా చేతిలో పెట్టాడు. పిల్లలకి మందు ఉచితం. మావారు అలవాటు కొద్దీ పర్సు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఎన్‌హెచ్‌ఎస్ అనే ఈ ప్రభుత్వ వైద్యం 1948లో పెట్టిన పద్ధతి, పన్నుల డబ్బుతో నడుస్తుంది. ఆపరేషన్ల దగ్గర దాని అసలు రంగు బయటపడుతుంది. 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలన్నది నియమం, ఏళ్లుగా దాన్ని అందుకోలేకపోతున్నారు.

ఫ్రిస్కోలో మావాడు ఆదివారం క్రికెట్‌లో మడమ మెలిపెట్టుకున్నాడు. క్లినిక్‌లో గంట లోపే ఎక్స్‌రే తీసేసి పట్టీ కట్టేశారు. ఆ వేగం, ఆ నవ్వు ముఖాలు చూసి నేను ముచ్చటపడ్డాను. అయితే కౌంటర్ దగ్గర నొప్పి ఎక్కడని అడగడానికి ముందే ఇన్సూరెన్సు కార్డు అడిగారు. కొన్నాళ్లకి ఇన్సూరెన్సు వాళ్ల నుంచి పోస్టులో ఒక కాగితం వచ్చింది. నిండా అంకెలు, పైన లావు అక్షరాలతో ‘ఇది బిల్లు కాదు’ అని. తర్వాత క్లినిక్ బిల్లు విడిగా, ఎక్స్‌రే చూసిన డాక్టరు బిల్లు విడిగా. మావాడు ఆ కాగితాలన్నీ టేబుల్ మీద పరుచుకుని ఇన్సూరెన్సు వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతుంటే మా అల్లుడి ఎనిమిదింటి ఫోన్ గుర్తొచ్చింది. టెన్షన్ ఇద్దరికీ ఉంది. ఒకడికి జబ్బు తగ్గకముందు, ఇంకొకడికి తగ్గాక.

బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూశాను. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇంటి నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఊరి రాళ్లని అంత దూరం పోయి అద్దాల వెనక చూడ్డం ఒళ్లు మండే పనే. టికెట్టు లేదు కదా అని సర్దుకోవాలి కాబోలు. డాలస్ ఆర్ట్ మ్యూజియం కూడా 2013 నుంచి ఉచితమే. కానీ అక్కడ ఏ భవనం చూసినా ఎవరో ఒకరి పేరు ఉంటుంది. డాలస్ కోటీశ్వరుడు రాస్ పెరో పిల్లలు 5 కోట్ల డాలర్లు ఇస్తే సైన్సు మ్యూజియానికి తల్లిదండ్రుల పేరు పెట్టారు. మన గుళ్లో ఫ్యాను రెక్క మీద దాత పేరు రాసినట్టే. అందుకేనేమో, ఈ ఒక్క విషయంలో నాకు అమెరికా మన ఊరులా అనిపించింది.

ఫ్రిస్కోలో ఒక సాయంత్రం ఆరేళ్ల మనవరాలు స్కూల్లో ఆరోజు ఏం చేశారో చూపించింది. లైట్లు ఆర్పేసి, తలుపుకి దూరంగా మూలన నేల మీద ముడుచుకుని కూర్చుని, నోటి మీద వేలు పెట్టుకుంది. “టీచర్ తలుపు తీసేదాకా తుమ్మకూడదు నానమ్మా” అంది. తుపాకీ పట్టుకుని ఎవడైనా వస్తే ఏం చేయాలో నేర్పే డ్రిల్లు అది. బ్రిటన్‌లో 1996లో స్కాట్లాండులోని డన్‌బ్లేన్ స్కూల్లో 16 మంది పిల్లల్ని కాల్చి చంపాక మరుసటి ఏడాదే పిస్తోళ్లు నిషేధించారు. టెక్సస్‌లో 2021 నుంచి చాలామంది పెద్దవాళ్లకి పిస్తోలు పెట్టుకు తిరగడానికి లైసెన్సే అక్కర్లేదు. మావాడి దగ్గర ఈ మాటెత్తితే “అలవాటైపోయిందమ్మా” అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చలేదు.

ఫ్రిస్కో పార్కులో సాయంత్రం వాకింగుకి వచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే. నాలుగు బెడ్‌రూముల ఇల్లు, రెండు కార్లు అని మొదలైన కబురు గ్రీన్‌కార్డు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. ఒక్కో దేశం వాళ్లకి ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో 7 శాతమే అన్న పరిమితి వల్ల మనవాళ్ల క్యూ ఏళ్లకి ఏళ్లు సాగుతుంది. ఈలోగా వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులు. మా అమ్మాయి జీతం తమ్ముడి జీతంలో సగం కూడా లేదు, ఇల్లు అగ్గిపెట్టె. కానీ ఐదేళ్లకి అక్కడ స్థిరనివాసం వచ్చేసింది. ఆ ఐదేళ్లని పదేళ్లకి పెంచాలని 2025లో ప్రభుత్వం ప్రతిపాదించింది. చట్టప్రకారం ఏడాదికి 28 రోజుల జీతంతో సెలవు కూడా ఉంది. అమెరికాలో అలాంటి చట్టం లేదు. శాన్ ఆంటోనియో వెళ్తే మేం కాలవ పక్కన తిరుగుతుంటే మావాడు హోటల్ గదిలో మీటింగులో ఉన్నాడు.

వచ్చే ఏడు ఎవరి దగ్గరికి రావాలని అక్కా తమ్ముళ్లు వీడియో కాల్‌లో వాదించుకున్నారు. నేను రెడింగే అన్నాను. కారణం పెద్దదేం కాదు. అక్కడ ఇంటి ముందు నుంచే బస్సు ఉంది, అది అక్కడి మునిసిపాలిటీ వాళ్లదే. నేను ఒక్కదాన్నే ఎక్కి కూరగాయలు తెచ్చుకునేదాన్ని. ఫ్రిస్కోలో కొత్తిమీర కట్టకి కూడా ఎవరో ఒకరు కారు తీయాలి. మావారు మాత్రం ఫ్రిస్కో అంటున్నారు, ఎదురింటాయన చేపలు పట్టడానికి తీసుకెళ్తానన్నాడట.