బెజవాడలో ఒక ఆదివారం

బెజవాడ వచ్చినవాళ్లు అమ్మవారి దర్శనం చేసుకుంటారు, బ్యారేజీ మీద ఫొటోలు దిగుతారు, బందరు రోడ్డులో బట్టలు కొనుక్కుని బస్సెక్కుతారు. ఊళ్లో పుట్టి పెరిగిన మాదీ ఇంచుమించు అదే వరస. మొగల్రాజపురంలో ట్యూషన్లు చదువుకున్న మా స్నేహితులందరికీ అక్కడ గుహలున్నాయని తెలుసు. దగ్గరికెళ్లి చూసినవాళ్లు మాత్రం అరుదు. అందుకే ఊళ్లోని పాత చోట్లను నలుగురం కలిసి చూడాలనుకున్నాం. బ్యాంకు ఉద్యోగులు, మా ఎదురింటి పిన్నిగారు, కాలేజీ పిల్లలు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు. ఇదీ మా జట్టు.

ఎండ ముదరకముందే మొగల్రాజపురం చేరాం. ఇళ్ల మధ్యలో కొండ, ఆ కొండను తొలిచి చేసిన ఐదు గుహాలయాలు. విష్ణుకుండినుల కాలం నాటివంటారు, అంటే క్రీస్తుశకం 5 నుంచి 7వ శతాబ్దం లోపువి. ఒక గుహ ముందు మా అందరికంటే ఎక్కువసేపు నిలబడింది ఆరో తరగతి చదివే పాప. చూరులా చెక్కిన రాతి అంచు మీద వరసగా చిన్న చిన్న గవాక్షాలు, వాటిలోంచి మనిషి ముఖాలు. మేడ మీద కిటికీలోంచి తల బయటపెట్టి ఊరేగింపు చూసేవాళ్లలా ఉన్నాయి. ‘‘తాతగారూ, వీళ్లెవరిని చూస్తున్నారు?’’ అని అడిగింది. ‘‘నిన్నేనమ్మా’’ అన్నారు మాస్టారు.

ఇక్కడ అర్ధనారీశ్వర శిల్పం ఉంది. బాగా అరిగిపోయింది. మొదట మాకు ఉబ్బెత్తు రాయే తప్ప ఏమీ కనబడలేదు. మాస్టారు సెల్‌ఫోన్ టార్చి వెలిగించి శిల్పానికి బాగా పక్కగా, గోడకు ఆనించినట్టుగా పట్టుకున్నారు. వెలుగు ఎదురుగా పడితే రాయంతా చదునుగా కనిపిస్తుందట, పక్కనుంచి పడితే ప్రతి గీతకూ నీడ వస్తుంది. నిజంగానే ఒక పక్క నడుము వంపు, రెండో పక్క నిటారు భుజం మెల్లగా తేలాయి. ‘‘అమ్మా పార్వతీ’’ అంటూ పిన్నిగారు చేతులు జోడించారు. ఒక్కణ్ణే వచ్చి ఉంటే ఐదు నిమిషాల్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఒకరికి కనబడనిది ఇంకొకరికి కనబడుతుంది. గుంపుగా వెళ్లడంలో నాకు నచ్చేది ఇదే.

గోడల మీద ప్రేమికుల పేర్లు గీకి ఉండటం చూస్తే కడుపు తరుక్కుపోయింది. కాలేజీ పిల్లలకు మరీ కోపం వచ్చింది. వాళ్ల వయసువాళ్లే చేసి ఉంటారు కదా!

అక్కణ్ణుంచి ఇంద్రకీలాద్రి కిందున్న అక్కన్న మాదన్న గుహలు. గుడికి వచ్చే వేలాదిమందిలో ఇటు తిరిగేవాళ్లు బహు తక్కువ. గుహలేమో 6, 7 శతాబ్దాలవి, పేరేమో 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా కొలువులో మంత్రాంగం నడిపిన అన్నదమ్ములది. వీళ్లు భక్త రామదాసుకు మేనమామలు. భద్రాచలం కథ తెలిసినా ఈ గుహల ఊసు తెలియనివాళ్లం మా జట్టులో చాలామందిమి. దారిలో ఒక బండి దగ్గర వేడి వేడి పునుగులు, అల్లప్పచ్చడి తిని బందరు రోడ్డు పట్టాం.

బాపు మ్యూజియం గురించి ఎంత చెప్పినా తక్కువే. విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా 1887 జూన్ 27న దీనికి శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్. 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించింది కూడా ఈయనే. రాణిగారి పేరుతో లేచిన భవనంలోనే 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటిమంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది ఇక్కడే. పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా అందించిందీ ఈ ఊళ్లోనే. ఆ సంగతి మాస్టారు చెబుతుంటే మా వాళ్లలో ఒకాయన, ‘‘రోజూ ఈ గోడ పక్కనుంచే ఆఫీసుకు వెళ్తాను సార్’’ అని లోపలికి, బయటికి మార్చి మార్చి చూశారు.

చాలా ఏళ్లు మూతబడి ఉన్న మ్యూజియాన్ని 2020లో మళ్లీ తెరిచారు. రాతియుగం పనిముట్లు, నాణేలు, కత్తులు, బిద్రీ సామాను అన్నీ చూశాం గానీ, అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడి దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. తెల్లని సున్నపురాయి. ఒంటి మీది వస్త్రం మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మా పిన్నిగారిది చీరల వ్యాపారం. ‘‘ఇది పల్చటి నూలుగుడ్డే, మందపు గుడ్డకు ఇంత సన్నటి మడతలు పడవు’’ అని తేల్చేశారు. మాస్టారు అంతటివారే నోట్‌బుక్కు తీసి రాసుకున్నారు.

భోజనాల దగ్గర వచ్చే నెల ఎక్కడికన్న వాదన మొదలైంది. మాస్టారు ఏటి అవతల ఉండవల్లి అన్నారు, పిల్లలు కొండపల్లి కోట ఎక్కాల్సిందేనన్నారు. చేతులెత్తి లెక్కపెడితే పిల్లలు గెలిచారు. మంచినీళ్ల సీసాలు, టోపీలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, టార్చి మాత్రం మాస్టారు తెస్తారు.